పదిలో ఎంత?

“రెండిట్లో ఒకటి అబద్ధం నాన్నా. ఏదో నువ్వే చెప్పు.”

చుక్క రెండు కాగితాల్నీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒకదాని మీద ఉప్పు డబ్బా, ఇంకోదాని మీద టీ కప్పు పెట్టింది. కాటా సారు ముందు కప్పు ఎత్తి కింద మరక పడిందేమో చూసుకున్నాడు. పడింది. గుండ్రంగా, తన గ్రాఫుకి సరిగ్గా నడుం మీద.

“ముందు ఈ మరకకి సమాధానం చెప్పు.”

“ఇలాంటివి ఐదొందలు అచ్చేయించార్లే నాన్నా. ఇంకో నాలుగొందల తొంభై తొమ్మిది శుభ్రంగానే ఉన్నాయి.”

కత్తెరమ్మ పొయ్యి దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడింది. పాలు పొంగేదాకా చూసే మనిషి కాదు. ఇవాళ మాత్రం గిన్నెలో ఏదో రాసి ఉన్నట్టు కళ్లార్పకుండా చూస్తోంది.

వీధిలో ఆమెని కత్తెరమ్మ అనే అంటారు. మూడు స్కూళ్ల యూనిఫారాలు ఆమె చేతిమీదుగానే వెళ్తాయి. ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గనక కాటా సారు. ఆయన అల్మారాలో మఖ్మల్ పరిచిన చెక్కపెట్టె ఒకటుంది. అందులో ఇత్తడి గుండ్లు. వాటిని ఆయన ఉత్త చేత్తో ముట్టుకోడు, చెమట అంటితే బరువు మారుతుందట. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో భార్య చెయ్యి పట్టుకోవడానికి కూడా ఆయన ఇంత జాగ్రత్త పడలేదు.

కూతురు చుక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆ ముద్దుపేరు మాత్రం ల్యాబుది కాదు, గడ్డం మీది పుట్టుమచ్చది. అయినా ఎవరూ నమ్మరు.

ఉప్పు డబ్బా కింది కాగితం ల్యాబు రిపోర్టు. గురువారం షుగరు చూస్తానని చెప్పి చుక్క తల్లి చేతినించి రక్తం తీసుకెళ్లింది. చూసింది షుగరు కాదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే పరీక్ష. పది లోపుండాలి. అరవై రెండుంది.

కప్పు కింది కాగితం పాంప్లెట్. పైన పెద్దక్షరాలతో ‘కీళ్లవాతానికి మూలం పళ్లలో!’ అని ఉంటుంది. కింద ‘పద్నాలుగో కేసు: గృహిణి, కుట్టుపని, తొమ్మిదేళ్ల జబ్బు’ అని ఉండి, ఒక గీత ఎడమ పక్క ఏడు దగ్గర మొదలై, మెట్లు దిగే పెద్దమనిషిలా నింపాదిగా దిగుతూ, కుడి పక్క రెండు దగ్గర ఆగుతుంది. నొప్పి గీత అది. పదిలో ఎంత అని కాటా సారు రోజూ భార్యని అడిగి రాసింది.

“ఏ మిషను మీద చూశావ్?” అన్నాడు కాటా సారు.

“మా ల్యాబు మిషను మీద.”

“దాన్ని సరిచూసి ఎన్నాళ్లయింది?”

“రోజూ పొద్దున్నే సరిచూస్తాం నాన్నా. నేనే చూస్తా.”

“నువ్వే చూసి, నువ్వే బాగుందని సర్టిఫికెట్ ఇచ్చుకుంటావా? కూరగాయల మార్కెట్లో ప్రతివాడూ ఇదే చెప్తాడు. నా కాటా నేనే చూసుకున్నా సార్, బంగారంలా ఉంది సార్ అని.”

“అయితే అమ్మ చెప్పే నెంబరుకి సర్టిఫికెట్ ఎవరిచ్చారు?”

కాటా సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

“మిషను తప్పు చూపించొచ్చు. మీ అమ్మ ఎనిమిది నెల్ల నించి ఒక్కరోజు తప్పు చెప్పలేదు. ఆ రోగం ఆవిడది. ఆ వేళ్లు ఆవిడవి. ఇంక ఏం రుజువు కావాలి?”

పాలు పొంగాయి. కత్తెరమ్మ పొయ్యి కట్టేసింది. కట్టేయడానికి కుడిచేతి వేళ్లు తిరక్క ఎడమచేతి మణికట్టుతో నొక్కింది. వీపు అడ్డంగా ఉంది గనక ఎవరూ చూడలేదు.

“ఏమోయ్,” అన్నాడాయన, “నువ్వైనా చెప్పు దీనికి.”

కత్తెరమ్మ నీళ్లు నమిలింది. మూడు దంతాలు తీయించుకున్నాక కూడా ఆమె శుభ్రంగా నమలగలిగేది అదొక్కటే.

“చెప్పడానికేముంది,” అంది చివరికి. “టీ చల్లారిపోతుంది, తాగండి.”

చుక్క తల్లి వీపుకేసి చూసింది. చాలాసేపు చూసింది.

*

పళ్ల డాక్టరు దొంగ మనిషైతే ఈ గొడవ ఆర్నెల్ల క్రితమే తెమిలిపోయేది. ఆయన దొంగ కాదు. అదే చిక్కు. ఫీజు తక్కువ. పేదవాళ్ల దగ్గర అదీ తీసుకోడు. వాళ్లమ్మ ఇదే జబ్బుతో ఇరవై ఏళ్లు మంచానికి అంటుకుపోయిందనీ, ఆవిడ పళ్ల కింద తను చూసిన చీము మరెవరూ చూడలేదనీ చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణుకుతుంది. పాత రోజుల్లో నరం తీసి సిమెంటు నింపిన దంతాల అడుగున ఒక విషం ఊరుతుందనీ, అది మెల్లగా కీళ్లకి చేరుతుందనీ ఆయన సిద్ధాంతం. కీళ్ల డాక్టర్లందరూ కలిసి పేపరుకి ఉత్తరం రాశారు, దీనికి రుజువు లేదని. ఆయన బదులు రాశాడు, రుజువు తయారవుతోందని. ముప్ఫై ఒక్క కేసులట. అందులో అందరికంటే పద్ధతిగా లెక్క రాసి ఉన్నది పద్నాలుగో కేసు. ఇవాళ సాయంత్రం ఐదింటికి టౌన్‌హాల్లో సభ. పద్నాలుగో కేసు నోట్‌బుక్‌ని స్వయంగా పద్నాలుగో కేసు భర్తే చదివి వినిపిస్తాడు.

కీళ్ల డాక్టరమ్మ గురించి కూడా చెప్పుకోవాలి. తొమ్మిదేళ్లు మందిచ్చింది. మంచి మందే. ఆ మందు మీద కత్తెరమ్మ రోజుకి ఆరు చొక్కాలు కుట్టేది. కానీ డాక్టరమ్మ ఎప్పుడూ తలెత్తి చూడలేదు. కంప్యూటరుకేసి చూస్తూ “ఎలా ఉంది? సరే. అదే కంటిన్యూ” అనేది. తొమ్మిదేళ్లలో కత్తెరమ్మకి ఆవిడ నుదురు తెలుసు, కళ్లు తెలీవు.

పళ్ల డాక్టరు మొదటిరోజు ముప్పావుగంట కూర్చోబెట్టాడు. ఒక్కో వేలూ పట్టుకుని చూశాడు. “ఈ వేళ్లతో ఎన్ని బొత్తాలు కుట్టుంటారమ్మా మీరు!” అన్నాడు. కత్తెరమ్మకి అక్కడే కళ్లనీళ్లు తిరిగాయి. పళ్లు తీయించుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం ఉండాలని మనం అనుకుంటాం గానీ, చాలామందికి అంత కారణం చాలు.

మూడు దంతాలు తీశారు. విషం వెళ్లిపోయింది గనక మాత్రలు ఆపేయమన్నారు. ఆపేసింది.

*

కుట్టుగదిలో చుక్క తలుపు దగ్గరగా వేసింది.

“అమ్మా, నా కోటుకి బొత్తం ఊడింది. కుట్టిపెట్టు.”

“అక్కడ పెట్టు. తర్వాత కుడతా.”

“ఇప్పుడే కావాలి.”

“బొత్తానికంత తొందరేమిటే?”

“సూదిలో దారం ఎక్కించి చూపించమ్మా. చాలు.”

కత్తెరమ్మ మిషను ముందు కూర్చుంది. ఊరికే బట్ట సర్దింది. నూనె డబ్బా ఇటునించి అటు పెట్టింది. చుక్క ఆగలేదు. తనే బొత్తాల డబ్బా అందుకుని మూత లాగింది. బిస్కెట్ల డబ్బా అది, రంగు వెలిసి రేకు తేలింది. చిన్నప్పటి నించీ ఆ డబ్బా మూత తీస్తే బొత్తాలే ఉండేవి.

ఇప్పుడు లేబుళ్లున్నాయి. రెడీమేడ్ చొక్కాల కాలర్ల లోపల కుట్టి ఉండే చిన్న చిన్న గుడ్డముక్కలు. నీలం మీద తెల్ల అక్షరాలు. గుప్పెళ్లకొద్దీ.

“ఇవేంటమ్మా?”

“లేబుళ్లు.”

“లేబుళ్లని తెలుస్తోంది. ఎక్కడివి?”

కత్తెరమ్మ కిటికీకేసి చూసింది. కిటికీ ఏమీ సాయం చేయలేదు.

“స్కూలు చొక్కాలు రెడీమేడ్‌వి తెస్తున్నా,” అంది మెల్లగా. “అదే గుడ్డ, అదే రంగు. వాళ్ల లేబులు ఊడదీసి మన లేబులు కుట్టి పంపేస్తున్నా. కత్తెర పట్టడం రావట్లేదే. పిన్నీసుతో కుట్టు ఊడదీయడం మాత్రం వస్తుంది. మెల్లగా చేస్తే వస్తుంది.”

“ఎన్నాళ్ల నించి?”

“వర్షాలు మొదలైన దగ్గర్నించి.”

“ఎవరూ కనిపెట్టలేదా?”

“ఒకావిడ వచ్చి, ఈసారి కుట్టు చాలా బాగా వచ్చిందండీ, పాతవాటికన్నా చక్కగా ఉందీ అంది.” కత్తెరమ్మ మొహంలో ఒక్క క్షణం నిజమైన బాధ కనపడింది. వేళ్ల నొప్పికి కూడా ఆమె అంత మొహం పెట్టలేదు.

చుక్కకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుని స్టూలు మీద కూర్చుంది.

“ఇవాళ పొద్దున్న నాన్నకి ఎంత చెప్పావ్?”

“రెండు.”

“నిజంగా ఎంత?”

కత్తెరమ్మ నూనె డబ్బా మళ్లీ ఇటు పెట్టింది.

“మొదట్నించీ అబద్ధమేనా?”

“కాదే! మొదటి రెండు వారాలు నిజంగానే తగ్గిందనిపించింది. ఏడు ఐదైంది. ఒట్టు. పళ్ల నొప్పి ముందు కీళ్ల నొప్పి ఆనలేదో, పళ్లకిచ్చిన నొప్పిమాత్రలే పనిచేశాయో, నిజంగానే విషం పోయిందో నాకేం తెలుసు? ఆయన ఐదు దగ్గర చుక్క పెట్టి, స్కేలు పెట్టి గీత కలిపాడు. కలిపి, ఈల వేశాడే.”

“ఈలా?”

“ఈలే. మీ నాన్న. నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాతి వారం మళ్లీ ఏడుకొచ్చింది. పొద్దున్న ఆరున్నరకి పెన్సిలు చెక్కుకుని వచ్చి కూర్చున్నాడు. ‘పదిలో ఎంత?’ అన్నాడు. ఏడు అందామని నోరు తెరిచా. ఆయన పెన్సిలు అప్పటికే నాలుగు దగ్గర పెట్టుకుని ఉన్నాడు.”

“దాంతో నాలుగన్నావు.”

“నాలుగున్నర అన్నా,” అంది కత్తెరమ్మ, అక్కడికి తన నిజాయితీ ఎంతో కొంత దక్కినట్టు. “ఆయనే నాలుగు రాసుకున్నాడు.”

చుక్క తలపట్టుకుంది.

“ఎందుకమ్మా? ఆయన మెప్పు కోసం వేళ్లు పోగొట్టుకుంటావా? మాత్రలు మానేసి ఎనిమిది నెలలైంది. అరవై రెండంటే ఏంటో తెలుసా నీకు? కీలు కరిగిపోతే మళ్లీ రాదు.”

కత్తెరమ్మ లేబుళ్లని ఒక్కొక్కటే డబ్బాలోకి వేస్తూ చెప్పింది.

“తొమ్మిదేళ్లు నాకు నొప్పి వచ్చిందంటే ఆయన పక్కగదిలోకెళ్లి పేపరు తీసేవాడే. చెడ్డవాడని కాదు. ఏం చేయాలో తోచక. ఈ నెంబరు వచ్చాక నా మంచం పక్కన కూర్చుంటున్నాడు. నా మొహంలోకి చూస్తున్నాడు. పది నిమిషాలు. రోజూ. గిన్నెలు కూడా తోముతున్నాడు. సరిగ్గా తోమడనుకో, నేను బాగున్నాయనే అంటాను. ఈ ఇంట్లో ఎవరు ఏం చేసినా బాగుందనే గదా అంటాం మనం. మొన్న నువ్వు చేసిన కూర కూడా...”

“నా కూరకేమైంది?”

“బాగుంది,” అంది కత్తెరమ్మ.

మిషను చక్రం మీద ఎండ పడి మెరుస్తోంది.

“ఏమోనమ్మా,” అంది చుక్క. “పళ్లకీ కీళ్లకీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. ఉండొచ్చు కూడా. తెలీనిదాన్ని తెలీదు అనాలి, అంతే. కానీ ఇవాళ సాయంత్రం నాన్న స్టేజి మీద నిలబడి తెలుసు అనబోతున్నాడు. నీ నాలుగున్నర చూపించి. అక్కడ నీలాంటివాళ్లు రెండొందల మంది కూర్చుంటారు. ఇంటికెళ్లి మాత్రలు కిటికీలోంచి పారేస్తారు.”

“వాళ్లకి వాళ్ల డాక్టర్లు లేరూ?”

“నీకు లేదా?”

కత్తెరమ్మ చెయ్యి ఆగింది.

“పోనీ వాళ్లని వదిలెయ్. అత్త సంగతేంటి?”

“అత్తకేమైంది?”

“నీకు చెప్పలేదా? నాన్న పాంప్లెట్ పంపించాడు. మొదటి కాపీ ఆవిడకే. అత్త మాత్రలు ఆపేసి నెల దాటింది. నరం తీసిన పళ్లు ఎనిమిదున్నాయట. ఇవాళ పదకొండింటికి పళ్ల డాక్టరు దగ్గర టైము. నాన్న తీసుకెళ్తున్నాడు.”

గోడ గడియారం పది దాటి పావు చూపిస్తోంది. సరిగ్గా అప్పుడే వీధి గేటు చప్పుడైంది.

*

కాటా సారు చెల్లెలు బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో పందొమ్మిదేళ్లుగా మైకులో చెప్తోంది. అందుకే మైకమ్మ. ఆవిడ ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది. కూర వడ్డిస్తున్నా ప్రయాణికులకి విజ్ఞప్తి చేస్తున్నట్టే ఉంటుంది. ఆవిడకీ ఆ జబ్బే, ఐదేళ్లుగా. ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు వచ్చినా అది రక్తసంబంధం లేని వదినామరదళ్లకి రావడం కాటా సారుకి మొదట్నించీ అనుమానంగానే ఉండేది. పళ్ల సిద్ధాంతం విన్నాక ఆ అనుమానం తీరింది. ఇద్దరూ ఒకే డాక్టరు దగ్గర పళ్లకి సిమెంటు పెట్టించుకున్నారు గదా అన్నాడు. ఆ డాక్టరు దగ్గరే తనూ పెట్టించుకున్నానన్న సంగతి గుర్తురాలేదు.

మైకమ్మ లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. నోటికి అడ్డంగా స్కార్ఫు చుట్టుకుని ఉంది.

“జలుబా అత్తా?” అంది చుక్క.

మైకమ్మ తల ఊపింది. అవుననో కాదనో తెలీలేదు. గొంతు మీద వేలు పెట్టి, రెస్టు అన్నట్టు సైగ చేసింది.

“గొంతు దాచుకుంటోంది,” అన్నాడు కాటా సారు గర్వంగా. “సాయంత్రం సభలో అనౌన్సుమెంట్లు కూడా తననే చెప్పమంటానన్నా. పద చెల్లాయ్, పదకొండుకి అరగంటే ఉంది. ముందు నోట్‌బుక్ చూస్తావా? ధైర్యంగా ఉంటుంది.”

ఆయన నోట్‌బుక్ తెచ్చాడు. ఖాకీ అట్ట, దాని మీద తెల్లచీటీ. లోపల రోజుకో వరస. తేదీ, వేళ, వాతావరణం, నెంబరు. ప్రతి పేజీ అడుగున పొడి అక్షరాల సంతకం. ఎవరి నొప్పైనా ఇంత అందంగా రాసి ఉండడం అరుదు.

“రెండొందల నలభై ఒక్క రోజులు,” అన్నాడు. “ఒక్క కొట్టివేత లేదు.”

మైకమ్మ పేజీలు తిప్పింది. వేళ్లు లావుగా వాచి ఉన్నాయి. ఒక్కో పేజీ తిప్పడానికి అరచేత్తో తోస్తోంది. కత్తెరమ్మ ఆ వేళ్లకేసి చూసింది. నెల క్రితం ఆ వేళ్లు అలా లేవు. నెల క్రితం ఆ వేళ్లతోనే మైకమ్మ కత్తెరమ్మకి జడ వేసి వెళ్లింది.

“చుక్కా,” అంది కత్తెరమ్మ, “ఆ డబ్బా ఇలా తే.”

“ఏ డబ్బా?” అన్నాడు కాటా సారు. “టైమవుతోందిక్కడ.”

చుక్క డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. కత్తెరమ్మ రెండు మణికట్లతో దాన్ని పట్టుకుని బోర్లించింది. నీలం లేబుళ్లు నోట్‌బుక్ మీదా గ్రాఫు మీదా ల్యాబు రిపోర్టు మీదా రాలాయి.

కాటా సారు ఒకటి తీసి వెలుగులో పట్టుకుని చదివాడు. అలవాటు. ఏ వస్తువైనా ముందు లేబులు చదువుతాడు.

“కొనుక్కొచ్చిన చొక్కాలవండీ అవి,” అంది కత్తెరమ్మ. “మూడు నెల్లుగా నేను ఒక్క చొక్కా కుట్టలేదు. వేళ్లు కత్తెరలో దూరట్లేదు.”

“నిన్న రెండన్నావ్.”

“అన్నా.”

“మొన్న రెండన్నావ్.”

“మొన్న మూడందామనుకున్నా. మీరు ఉత్సాహంగా ఉన్నారు.”

“నేను ఉత్సాహంగా ఉంటే నీ నొప్పి తగ్గుతుందా?”

“తగ్గదు. నెంబరు తగ్గుతుంది.”

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. దొంగ కాటా దొరికినప్పుడు కూడా ఆయన అరవడట. షాపువాడు కాళ్లమీద పడుతున్నా మాట్లాడకుండా ఎర్రదారం తీసి కాటాకి సీలు ముడి వేస్తాడట. ఆ సంగతి ఆయనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడాయన చేతులు దారం కోసమే వెతుకుతున్నట్టు బల్ల మీద అటూ ఇటూ తిరిగాయి.

“ముప్ఫై ఏళ్లు,” అన్నాడు. “ముప్ఫై ఏళ్లలో ఒక్క తప్పు కాటా నా కన్నుగప్పి పోలేదు.”

“మీరు షాపులోకెళ్లగానే ముందేం చేస్తారు?” అంది కత్తెరమ్మ.

“ఏంటీ?”

“కాటా దగ్గరికెళ్లి ముందేం చూస్తారు?”

“సున్నా. తక్కెడలో ఏమీ లేనప్పుడు ముల్లు సున్నా మీదుందో లేదో చూస్తా. అది చూడకుండా ఏం తూచినా...”

ఆగిపోయాడు.

“నా సున్నా ఎప్పుడైనా చూశారా?” అంది కత్తెరమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క అడిగినట్టే అడిగింది. “ఏమీ లేకుండా హాయిగా ఉండడమంటే ఎలా ఉంటుందో నాకు తొమ్మిదేళ్లుగా తెలీదు. రెండంటే ఏంటి, ఏడంటే ఏంటి నేనెక్కణ్ణించి చెప్పాలి? మీ మొహం చూసి చెప్పాను. నాకు దొరికిన ముల్లు అదొక్కటే.”

ఫ్యాను గాలికి రెండు లేబుళ్లు కింద పడ్డాయి. ఎవరూ తీయలేదు.

చుక్కే ముందు తేరుకుంది. “సరే. మంచే జరిగింది. అత్తా, పదకొండింటికి నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. రేపు నేను కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తా. మాత్రలు మళ్లీ మొదలుపెడితే...”

మైకమ్మ చెయ్యెత్తింది. ఆగమన్నట్టు. ఆ తర్వాత మెడ వెనక ముడి కోసం వెతుక్కుంది. వేళ్లు ఆడలేదు. కత్తెరమ్మ లేచి వెళ్లింది. ఆమె వేళ్లూ ఆడలేదు. ఇద్దరాడవాళ్లూ నాలుగు చేతులతో ఆ ముడితో కుస్తీ పడ్డారు. చివరికి చుక్క వచ్చి విప్పింది.

స్కార్ఫు జారింది.

మైకమ్మ ముందుపళ్లు రెండూ లేవు. చిగుళ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

“నిన్న సాయంత్రం ఎవరిదో టైము ఖాళీ అయిందని ఫోను చేశారు వదినా,” అంది మైకమ్మ. “పాంప్లెట్ చూసి ఉన్నా గదా, ఆగలేకపోయా. స్కూల్లో మెట్ల మీద పడ్డప్పుడు నరం తీసిన పళ్లవి. ముందు ఇవి తీసేద్దాం, మిగతా ఆరూ రేపన్నారు. సరేనన్నా. అన్నయ్యకి సర్‌ప్రైజ్ అనుకున్నా.”

‘సరే’ అన్నప్పుడూ ‘సర్‌ప్రైజ్’ అన్నప్పుడూ ఆ ఖాళీలోంచి సన్నటి ఈల వచ్చింది. కత్తెరమ్మ ఉలిక్కిపడింది.

“నొప్పి తగ్గిందా అత్తా?” అని చుక్క అడిగి, అడిగినందుకు నాలుక కరుచుకుంది.

“నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో అదే అడిగాడు. పదిలో ఎంత అని.” మైకమ్మ అన్నగారికేసి చూడలేదు. “నాలుగన్నానే. ఎందుకన్నానో తెలీదు. పొద్దున్న బస్టాండుకెళ్లి మైకు పట్టుకున్నా. ‘బస్సు’ అన్నా. క్యూలో ఉన్నవాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇంకో మాట చెప్పకుండా వచ్చేశా.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“వదినా,” అంది మైకమ్మ. “నీ గీత చూసి వెళ్లా. ఇప్పుడు మిగతా ఆరూ ఉంచుకోనా, తీసేయించుకోనా? నువ్వే చెప్పు. ఈసారి మాత్రం మా అన్న మొహం చూసి చెప్పకు.”

కత్తెరమ్మ ఆవిడ పక్కన కూర్చుని వాచిన ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. నెలముందు నోరు తెరిచి ఉంటే ఆ రెండు పళ్లూ ఉండేవి. ఆ లెక్క ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఉంచుకో అమ్మాయ్,” అంది. “నాకేం తెలీదు. తెలీదు గనకే ఉంచుకో.”

ఫోను మోగింది.

కాటా సారు ఎత్తాడు. అవతలి గొంతు హుషారుగా, గదంతా వినపడేలా ఉంది. పళ్ల డాక్టరు అసిస్టెంటు. “సార్, పద్నాలుగో కేసు వాళ్లేనా? మీ చెల్లెలుగారు పదకొండుకి బయల్దేరారా? ఇంకోటి సార్, సభకి పేపరువాళ్లు కూడా వస్తున్నారు. ఆ కీళ్ల డాక్టర్లు కూడా ఎవరో వచ్చి ప్రశ్నలడుగుతారట. మీ నోట్‌బుక్కే సార్ మన బలం. తెస్తున్నారు గదా?”

కాటా సారు లేబుళ్లకేసి చూశాడు. చెల్లెలి నోటికేసి చూశాడు. భార్యకేసి చూడబోయి, చూపు ఆమె వేళ్ల దగ్గర ఆపేశాడు.

“చెల్లెలు రాదు,” అన్నాడు.

“సార్? మరి నోట్‌బుక్కు?”

“నోట్‌బుక్ తెస్తాను.”

ఫోను పెట్టేశాడు.

“నాన్నా,” అంది చుక్క, “తెచ్చి ఏం చదువుతావ్?”

ఆయన గోడ దగ్గరికి నడిచాడు. ఆఫీసు చొక్కా కొక్కానికి వేలాడుతోంది. దాని జేబులోంచి పెన్ను తీశాడు. ఇంట్లో ఎప్పుడూ పెన్సిలే వాడే మనిషి. కుర్చీ లాక్కుని కత్తెరమ్మకి ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి, రెండు లేబుళ్లు ఊది పక్కకి తోశాడు.

“మొదటి రోజు,” అన్నాడు. “ఏడన్నావు. నన్ను చూడకు. కిటికీకేసి చూసి చెప్పు.”

కత్తెరమ్మ కిటికీకేసి తిరిగింది. ఐదింటికి ఇంకా ఆరుగంటలుంది. చెప్పాల్సిన రోజులు రెండొందల నలభై ఒకటున్నాయి.

నోరు తెరిచింది. ఎంత వెతికినా లోపల ఒక్క నెంబరూ దొరకలేదు.